నీటికాకులకి కట్టిన డిస్కులు

3 జూలై 2025, గురువారం

వచ్చేసింది! మా క్రిస్టీనాకి ఎయిర్‌ఫోర్స్‌లో ఉద్యోగం వచ్చేసింది! దేవునికి స్తోత్రం, స్తోత్రం, వెయ్యి స్తోత్రాలు!

మధ్యాహ్నం చెరువులో మేత చల్లి గట్టెక్కుతుంటే సుందరి ఫోన్ చేసింది. ఒకటే ఏడుపు. ఎవరికేమయిందోననుకున్నాను. "లిస్టులో పేరుందంటయ్యా, మనమ్మాయిది" అంది. అలాగే గట్టుమీద కూలబడిపోయేను. పాము కరిచిందనుకుని పక్క చెరువువాళ్లు కర్రలుచ్చుకుని పరిగెత్తుకొచ్చేరు. వాళ్లకే ముందు చెప్పేను.

పెళ్లయిన పద్దెనిమిదేళ్లకి పుట్టిన పిల్ల. మా నాన్న బతుకంతా ఒకరి చేలో పాలేరు. నేను ఏడో తరగతిలో మానేసి కూలికెళ్లినవాణ్ణి. ఇప్పుడు అరవై నాలుగొచ్చినా కొండబాబుగారి రొయ్యల చెరువు మీద మనిషిని. అలాంటివాడి కూతురు యూనిఫారం వేసుకుని యుద్ధ విమానాల దగ్గర పని చేస్తాదంట!

సాయంత్రానికి నలభై ఒక్క ఫోన్లు చేసేను. నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోతే సుందరి ఫోన్‌తో చేసేను. "నీది నోరా, మైకు సెట్టా? అవతలవాళ్లు హలో అనేలోపే చెప్పేస్తున్నావు" అంది సుందరి.

క్రిస్టీనా మాత్రం, "ఇంకా పోలీసు ఎంక్వయిరీ ఉంది నాన్నా. స్టేషన్ నుంచి కాగితం వెళ్లేదాకా ఆగు" అంది. ఎంక్వయిరీలో ఏముంటాదమ్మా, మనమేమైనా దొంగలమా అన్నాను.

ఆదివారం ఇంటిదగ్గర కృతజ్ఞతా కూడిక. పెద్ద ఫ్లెక్సీ వేయించాలి. మా ఐ.పోలవరంలో ఇప్పటిదాకా ఎవరూ వేయించనిది.

4 జూలై, శుక్రవారం

ఫ్లెక్సీకి విమానం కావాలి కదా. వీరవేణిగారి జిరాక్స్ కొట్టుకెళ్లేను. ఆవిడ కంప్యూటర్లో పది పన్నెండు చూపించింది. అన్నీ పెళ్లి శుభలేఖ మీద బొమ్మల్లా ఉన్నాయి. నా కూతురి పక్కన నిలబెట్టేవి కావు.

అప్పుడు గుర్తొచ్చింది, మన చెరువు మీద డిస్కులు!

రొయ్యలు తినే నీటికాకులు దిగకుండా చెరువుకి అడ్డంగా తాళ్లు లాగి పాత సీడీ డిస్కులు కడతాం కదా, ఎండకి తళుక్కుమంటే బెదిరిపోతాయి. ఈ ఏప్రిల్లో ముమ్మిడివరం సత్యదుర్గారావు పాతసామాన్ల కొట్లో తెచ్చేను. మొత్తం పద్నాలుగు. అన్నిటి మీదా ఎవరో నల్ల పెన్నుతో చిన్న విమానం బొమ్మ గీసేరు. కట్టేటప్పుడు చూసేను గానీ, మూడు నెలలు నా నెత్తిమీదే తిరుగుతున్నా లోపల ఏముందో ఎప్పుడూ అనుకోలేదు. పరిగెత్తుకెళ్లి పద్నాలుగూ విప్పుకొచ్చేను.

వీరవేణి దగ్గర డిస్కు పెట్టే పాత కంప్యూటర్ ఉంది. ఎండకీ వానకీ అయిదు పాడైపోయేయి. తొమ్మిది తెరుచుకున్నాయి. అబ్బబ్బ! బూడిదరంగువి, ఎర్రవి, ముక్కు సూదిలా ఉన్నవి, నిలువునా ఆకాశంలోకి లేచేవి. రెక్క మీద మేకులు కూడా లెక్కపెట్టచ్చు.

"బాబోయ్ కృపారావుగారూ, ఇవి నెట్లో దొరికేవి కాదండి. ఎవరో దగ్గరుండి తీసుకున్నవి" అంది వీరవేణి.

అయితే అదే వెయ్యమ్మా అన్నాను. బూడిదరంగు దానిముందు క్రిస్టీనా సెల్యూట్ కొడుతున్నట్టు కలిపింది. పన్నెండడుగుల వెడల్పు.

మళ్లీ పద్నాలుగూ తీసుకెళ్లి తాళ్లకి కట్టేసేను. పక్షులు ఊరుకోవు కదా.

6 జూలై, ఆదివారం

రెండొందలమంది వచ్చేరు. పాస్టరుగారు మా క్రిస్టీనా నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థించేరు. మామిడికుదురు నుంచి మా దానమ్మక్క, రాజోలు నుంచి మా బావమరిది ఏసురత్నం, అందరూ వచ్చేరు. ఫ్లెక్సీ ముందు ఫొటోల కోసం తోసుకున్నారు. ఏసురత్నం ఫొటో తీసి నాలుగు గ్రూపుల్లో పెట్టేడు. ఈవేళ నేను చచ్చిపోయినా ఫర్వాలేదు.

9 జూలై, బుధవారం

పొద్దున్న కానిస్టేబులుగారు వచ్చేరు. ఎంక్వయిరీ అనుకుని సుందరి కొబ్బరిబొండం కొట్టించింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, ఫోన్ తీసి మన ఫ్లెక్సీ ఫొటో చూపించేరు.

"ఈ విమానం బొమ్మ మీకెక్కడిదండీ?"

నేను సంతోషంగా అంతా చెప్పేను. ఆయన ఏమీ రాసుకోలేదు. "సార్ మిమ్మల్నీ పాపనీ రమ్మన్నారండి" అన్నారు.

ఎస్సైగారు చిన్న వయసాయన. మర్యాదగా కుర్చీలు వేయించేరు. "వాట్సాప్‌లో ఎవరో అడిగేరండి, పిల్ల ఇంకా చేరనేలేదు, యుద్ధ విమానాల ఫొటోలు వీళ్లింటికెలా వచ్చేయని. మొన్న సరిహద్దు గొడవలయ్యేక ఇలాంటివి చూసీచూడనట్టు వదలడానికి లేదండి."

నేను లేచి నిలబడి చెరువు, నీటికాకులు, తాళ్లు అన్నీ మొదట్నించీ చెప్పేను. పక్కన కాగితాలు రాసుకుంటున్న రైటరుగారు, "విమానాల ఫొటోలు నీటికాకులకి చూపిస్తున్నారా?" అన్నారు. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. క్రిస్టీనా నవ్వలేదు.

ఎస్సైగారు నవ్వాపుకుని చెప్పేరు. "మీరు అబద్ధం చెబుతున్నారని కాదండి. ఈ ఫొటోలు తీసినాయన్ని తీసుకురండి. నావే, ఫలానాచోట తీసేను అని చెప్పి సంతకం పెడితే పాప కాగితం ఆవేళే పంపుతాను. లేదంటే పైకి రాయాలి. పైవాళ్లు తేల్చేసరికి నెలలు పడతాది. ఆగస్టు పదిహేనులోపు కాగితం వెళ్లకపోతే ఈ బ్యాచ్‌కి అందదు. మళ్లీ రాయడానికి పాపకి వయసు కూడా దాటిపోతోంది."

చెరువుకెళ్లి తాళ్లు కోసి పద్నాలుగు డిస్కులూ తెచ్చి స్టేషన్లో ఇచ్చేను. రసీదు ఇచ్చేరు.

ఇంటికొచ్చేటప్పుడు బండి వెనకాల కూర్చున్న క్రిస్టీనా ఒక్కటే మాటంది. "ఆగమన్నాను కదా నాన్నా."

10 జూలై

ఫ్లెక్సీ విప్పేసేను. చెరువు దగ్గర షెడ్డు కారుతోంది, పైన కప్పేను. బొమ్మ లోపలివైపుకి పెట్టేను.

11 జూలై

మేత వేసేను. నీటికాకులు దిగేయి. తోలలేదు.

13 జూలై, ఆదివారం

చర్చికెళ్లేం. ఎవరూ ఏమీ అడగలేదు. అంతా మామూలుగానే ఉంది. క్రిస్టీనాకి నామీద కోపమేమీ లేదంట, సుందరి చెప్పింది.

14 జూలై, సోమవారం

కానిస్టేబులుగారు చుట్టాల దగ్గర కూడా విచారించేరంట. ఏసురత్నం "మాకు వాళ్లతో రాకపోకలు తక్కువండి" అన్నాడంట. వాడి ఫోనే కదా ఫ్లెక్సీని ఊళ్లన్నీ తిప్పింది. నాకు కోపం రావాలి. రాలేదు. అన్నం తిన్నాను.

16 జూలై, బుధవారం

సత్యదుర్గారావు కొట్టుకెళ్లేను. తూకం దగ్గర కూర్చుని ఫ్యాను రెక్కలు విప్పుతున్నాడు.

"డిస్కులకి అడ్రస్సేంటండి బాబూ! నాకు మనుషుల అడ్రస్సులే గుర్తుండవు" అన్నాడు.

కదలకుండా నిలబడ్డాను. మామూలుగా అయితే నేను బతిమాలుతాను, చేతులు పట్టుకుంటాను. నా మొహం చూసి వాడే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేడు.

"కూర్చోండి కృపారావుగారూ. ఆగండి ఆగండి. గోనెసంచి. మూతికి చీర అంచు ముక్క కట్టుంది, పసుపుది. మూడేళ్లయింది. వరదలొచ్చిన ఏడండి. కొత్తపేట అవతల గోదారి మధ్య లంకలోంచి పడవమీద వచ్చిన సరుకు. నేనే వెళ్లి తెచ్చేను. ఒకావిడ ఇచ్చింది. డిస్కులు ఎవరికీ అక్కర్లేదని పడుంచేను, మీ చెరువులవాళ్లు అడిగేదాకా."

"ఏ ఇల్లు?"

"అది మాత్రం గుర్తులేదండి. ఆవేళ అన్ని ఇళ్లూ బురద రంగే."

ఏడాది గుర్తున్నవాడికి ఇల్లు గుర్తులేదు.

17 జూలై

వీరవేణి తన కంప్యూటర్లోంచి విమానాల ఫొటోలన్నీ స్టేషన్‌వాళ్ల ఎదురుగా తీసేసింది. కానీ విమానం లేని ఫొటో ఒకటుందండి అని కాగితం మీద తీసిచ్చింది. ఒకావిడ. చామనచాయ. గడ్డిలో దుప్పటి మీద కూర్చుంది, పక్కన టిఫిన్ క్యారియర్. వెనకాల జనం అందరూ పైకి చూస్తున్నారు. ఈవిడ మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతుల్తో చెవులు మూసుకుంది.

22 జూలై, మంగళవారం

కొత్తపేట. రెండు బస్సులు, ఒక పడవ. గోదారి ఎర్రగా ఉంది. లంకలో ఇంటింటికీ ఫొటో చూపించేను. "తప్పిపోయేరా బాబూ ఈవిడ?" అంటారు. కాదండి, చెవులు మూసుకున్నారండి అంటాను. నవ్వుతారు. నీళ్లిస్తారు.

ఎవరికీ తెలీదన్నారు.

24 జూలై

రెండో లంక. ఎవరికీ తెలీదన్నారు.

25 జూలై

మా పిల్ల అన్నం దగ్గర వాళ్లమ్మతో అంది, "నాన్న చెప్పులు తెగిపోయేయి, కొత్తవి కొనుక్కోమను" అని. నేను పక్కనే ఉన్నాను. చూసేరా, నా గురించి పట్టించుకుంటోంది. కోపం లేదు.

27 జూలై, ఆదివారం

ఆలమూరు నుంచి సుందరివాళ్ల పిన్ని ఫోన్ చేసింది. "మనవరాలు చేరిపోయిందా అల్లుడూ?" అంది. ఆయ్, చేరిపోయిందండి, బ్రహ్మాండంగా ఉంది అన్నాను. పక్కగదిలో కుట్టుమిషను ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. క్రిస్టీనా పక్కింటివాళ్ల జాకెట్లు కుడుతోంది.

30 జూలై, బుధవారం

దొరికేరు.

మూడో లంక. పడవ దిగి కిళ్లీకొట్టు దగ్గర ఫొటో చూపించేసరికి కొట్టాయన, "అచ్చాయమ్మగారు కదూ! పోస్టాఫీసు మూర్తిగారి ఆవిడ" అన్నాడు. ఇల్లు చూపించేడు. మామూలుగా అయితే అక్కడే స్తోత్రం అని అరిచేవాణ్ణి. సరేనండి అని నడిచేను.

పెంకుటిల్లు. గోడ మీద నా ఛాతీ ఎత్తున వరద చార ఇంకా ఉంది. శ్రీరామచంద్రమూర్తిగారు వరండాలో పేపర్ చదువుతున్నారు. డెబ్భై దాటుంటాయి. నేను మెట్టు కింద నిలబడి నా పేరూ ఊరూ చెప్పి ఫొటో ఇచ్చేను. ఆయన కళ్లజోడు మార్చుకుని చూసేరు.

"ఇది బెంగళూరు. విమానాల ప్రదర్శనలో. రెండువేల ఏడు. ఈవిడ మా ఆవిడ. ఎక్కడిది మీకిది?"

డిస్కులు దొరికేయండి అన్నాను.

ఆయన చెయ్యి పట్టి లాగి నన్ను కుర్చీలో కూర్చోబెట్టేరు. "ఎన్ని?"

"పద్నాలుగండి. విమానం బొమ్మ గీసినవి."

"నావి పద్నాలుగే" అన్నారు. లోపలికి కేకేసేరు, "అచ్చాయీ! ఇలా రా!"

ఆవిడ మజ్జిగ గ్లాసుతో వచ్చేరు. ఈయన ఆగకుండా చెబుతున్నారు. రెండేళ్లకోసారి బెంగళూరు వెళ్లేవారంట, టిక్కెట్టు కొనుక్కుని, పెద్ద కెమెరా కట్టుకుని, జనంలో నిలబడి తీసినవేనంట అవన్నీ. అందరూ తీసుకునేవే. ఏ విమానం ఎన్నింటికి లేచిందో కూడా చెబుతున్నారు. నేను కూడా ఇలాగే చెబుతాను. నేనూ ఇలాగే ఉంటానన్నమాట, అవతలివాళ్లకి.

అప్పుడు నేను స్టేషన్ సంగతీ, క్రిస్టీనా సంగతీ, సంతకం సంగతీ చెప్పేను. ఆయన మొహం మారింది.

"పోలీసు స్టేషనా?" అన్నారు. పేపర్ మడతపెట్టేరు. "అయినా అవి నావెలా అవుతాయి? నావి గోదాట్లో పోయేయి. మొదటి వరదకి తడిస్తే ఒక్కోటీ తుడిచి ఎండబెట్టుకున్నాను. రెండో వరదకి పెట్టెతో సహా కొట్టుకుపోయేయి. నేను ముందే వరద శిబిరానికని స్కూల్లోకి వెళ్లేను, మా ఆవిడ కళ్లారా చూసింది. ఏమే, చూసేవు కదూ?"

ఆవిడ గ్లాసు నా చేతికిచ్చేరు. "ఆఁ" అన్నారు.

"మరింకేంటి. మునిగిపోయినవి మీ ఊళ్లో తేలతాయా? ఎవరో నా దగ్గర కాపీ చేసుకునుంటారు. నేను సంతకాలు పెట్టనండి. మా ఆవిడ అబద్ధం చెప్పిందని స్టేషన్లో నేను రాసివ్వాలా?"

నేను ఆవిడవైపు చూసేను. ఆవిడ నావైపు చూడ్డంలేదు. కట్టుకున్న చీర వేరే రంగే. కానీ తలుపుకి వేలాడుతున్న కర్టెను పాతచీరది. పసుపుది. ఒకవైపు అంచు లేదు.

ఒక్కమాట చాలు. గోనెసంచి అంటే చాలు. సత్యదుర్గారావు అంటే చాలు. నిజం బయటకొచ్చేస్తాది, ఆయన సంతకం పెట్టక తప్పదు. నా కూతురి కాగితం వెళ్లిపోతాది.

ఆవిడ చెయ్యి కర్టెను పట్టుకునుంది. గాజులు చప్పుడవుతున్నాయి.

మజ్జిగ తాగేను. వందనాలండి అని లేచేను.

ఎందుకు చెప్పలేదో నాకు తెలీదు. రాయడానికి కూర్చుని గంటయింది, ఇప్పటికీ తెలీలేదు. జాలేమీ కాదు. నోరు మొద్దుబారిపోయింది అంతే. ఇంట్లో అడిగితే దొరకలేదని చెప్పేను.

31 జూలై

మేత. చెక్ ట్రేల్లో మేత మిగిలిందేమో చూసేను. రొయ్య బాగానే ఉంది.

2 ఆగస్టు, శనివారం

కొండబాబుగారు వచ్చి, "డిస్కులు లేకపోతే కనీసం టపాకాయలైనా కాల్చవయ్యా, సగం రొయ్య పక్షులకే పోతోంది" అని కేకలేసేరు. ఆయ్ అన్నాను. ఆయన వెళ్లేక గట్టుమీద కూర్చున్నాను. నీటికాకి మునిగితే ఎంతసేపటికి లేస్తాదో లెక్కపెట్టేను. ఇరవై రెండు అంకెలు.

5 ఆగస్టు, మంగళవారం

మళ్లీ లంకకి వెళ్లేను. మూర్తిగారు కనపడలేదు. ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తున్నారు. దగ్గరికెళ్లలేదు. కొబ్బరిచెట్ల పక్కనుంచి చూసి వచ్చేసేను. బస్సుఛార్జీలు దండగ.

ఆవిడ నన్ను చూసేరు.

8 ఆగస్టు

ఇంకా వారం ఉంది. చాలా టైమే.

10 ఆగస్టు, ఆదివారం

చర్చిలో దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు పాస్టరుగారు అలవాటుగా నావైపు చూసేరు. ప్రతి ఆదివారం మొదట లేచేది నేనే కదా. లేవలేదు. సుందరి నా చెయ్యి మీద చెయ్యి వేసింది. వేసినట్టు తెలిసింది, అంతే.

12 ఆగస్టు, మంగళవారం

ఇది వివరంగా రాసుకోవాలి. జరిగింది జరిగినట్టు.

పదకొండింటికి ఎస్సైగారి దగ్గర్నుంచి ఫోన్. పాపని తీసుకుని రండన్నారు. సుందరి నేనూ వస్తానంది. ముగ్గురం ఆటోలో వెళ్లేం.

స్టేషన్ బల్ల మీద అచ్చాయమ్మగారు కూర్చునున్నారు. ఒక్కరే. ఒళ్లో చేతిసంచి. రెండు బస్సులు మారి వచ్చేరంట. చీర కింద అంతా బురద.

ఎస్సైగారు, "మీరే చెప్పండమ్మా" అన్నారు.

"నేనే ఇచ్చేనండి, పాతసామాన్లాయనకి" అన్నారావిడ. గొంతు గట్టిగానే ఉంది. "మొదటి వరద తీసేక ఇంట్లో మోకాల్లోతు బురద. నేనొక్కదాన్నే ఎత్తి పోసుకుంటున్నాను. నాకు అరవై ఆరు నిండేయప్పటికి. ఈయన ఎండలో కుర్చీ వేసుకుని ఆ రేకులు ఒక్కోటీ మెత్తని గుడ్డతో తుడుస్తున్నారు. మూడురోజులు తుడిచేరు. బియ్యం తడిసిపోయేయండీ అంటే, ఉండవే, పదకొండోది అయిపోవచ్చింది అన్నారు. నాలుగోరోజు ఆయన బజారుకెళ్తే గోనెలో వేసి మూతి కట్టి ఇచ్చేసేను. అడుగుతారని ఆ ఖాళీ పెట్టెకి తాళం వేసి ఉంచేను. మళ్లీ రెండో వరదొచ్చింది కదా. పెట్టె నీళ్లలోకి నేనే తోసేసేను. పోయిందండీ అన్నాను."

రైటరుగారు రాయడం ఆపేరు.

"ఆవేళ ఈయన అన్నం తినలేదు. అయ్యో అనిపించింది. అప్పుడు చెప్పలేదు. తర్వాత చెప్పడానికి కుదరలేదు. మూడేళ్లు కుదరలేదు."

"మరి ఇప్పుడెందుకు వచ్చేరమ్మా?" అని ఎస్సైగారు అడిగేరు.

ఆవిడ నన్ను చూపించేరు. "ఈయనకి తెలుసండి. మా కర్టెను చూసేరు. ఒక్కమాటంటే అయిపోయేది. మజ్జిగ తాగి వెళ్లిపోయేరు. మొన్న మళ్లీ వచ్చి చెట్ల చాటు నుంచి చూసి వెళ్లిపోయేరు." అని క్రిస్టీనా వైపు తిరిగి, "నీ కోసం తిరుగుతూ కూడా నన్ను బయటపెట్టలేదమ్మా మీ నాన్న. అప్పట్నించీ నాకు నిద్ర లేదు" అన్నారు.

సుందరి నావైపు చూసింది. "దొరకలేదన్నావు కదయ్యా" అంది.

ఆయ్ అన్నాను.

ఆవిడ చెబితే చాలదంట, ఫొటోలు తీసినాయన సంతకం కావాలంట. ఎస్సైగారు మూర్తిగారికి ఫోన్ చేయించేరు. మూడు గంటలకి ఆయన వచ్చేరు. పొద్దున్న తను బయల్దేరేముందే ఆవిడ ఆయనకి అంతా చెప్పేసేరంట, వంటింట్లో నిలబడి, అన్నం వార్చి. ఆయన ఆవిడ వైపు చూడకుండా లోపలికొచ్చేరు. ఎస్సైగారు తొమ్మిది డిస్కులూ ఒక్కోటీ పెట్టించేరు. మూర్తిగారు ఏడాది, రోజు, ఎక్కడ నిలబడి తీసేరో అన్నీ చెప్పేరు. జేబులోంచి పాత టిక్కెట్లు తీసేరు, రంగు వెలిసినవి నాలుగు. అవి పెట్టెలో లేవంట, పర్సులో ఉన్నాయంట. ఎస్సైగారు అన్నీ చూసుకుని, "ఇందులో దాచాల్సిందేమీ లేదండి, వేలమంది ఎదురుగా తీసినవే" అన్నారు. సంతకం పెట్టేరు.

మిగతా అయిదూ చూపించేరు. మూర్తిగారు వాటిని వెలుతురుకి పెట్టి చూసేరు. వెండిపూత రాలిపోయి, అవతలున్న రైటరుగారి మొహం కనపడుతోంది.

"ఎండలో ఎన్నాళ్లు కట్టేరండీ?" అని నన్ను అడిగేరు.

మూడు నెలలండి అన్నాను. క్షమించమని అడగాలి. అడిగేను. ఆయన తలూపేరు.

బస్సు దగ్గరికి ముగ్గురం వెంట వెళ్లేం. ఆయన ముందు ఎక్కి డ్రైవరు వెనకాల కూర్చున్నారు. ఆవిడ వెనకాల ఆడవాళ్ల సీట్లో కూర్చున్నారు. సుందరి కిటికీలోంచి అరటిపళ్లిచ్చింది. "ఆయన మాట్లాడకపోయినా అన్నం తింటున్నారా చూసుకో వదినా" అంది. "తింటార్లే. వండేది నేనే కదా" అన్నారావిడ.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఆనందం కూడా. రెండూ ఎక్కడో బస్టాండ్లో కూర్చునున్నట్టుంది.

14 ఆగస్టు, గురువారం

పాప కాగితం పంపేసేమని స్టేషన్ నుంచి ఫోన్. సరేనండి, వందనాలండి అన్నాను. మేత వేసేను.

23 ఆగస్టు, శనివారం

ఆర్డరు వచ్చింది. క్రిస్టీనా వచ్చే నెల ఆరో తారీఖున ట్రైనింగుకి బయల్దేరాలి. సుందరి ఆర్డరు కాగితాన్ని బైబిల్లో పెట్టింది, మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది.

నేను అరుగు మీద కూర్చుని ఉంటే క్రిస్టీనా వచ్చి పక్కన కూర్చుంది. నలభై అయిదు రోజులయింది పక్కన కూర్చుని. నా ఫోన్ నా ఒళ్లో పెట్టింది.

"ఎవరికీ చెప్పలేదేంటి నాన్నా?"

"ఆగమన్నావు కదమ్మా."

"ఇప్పుడు ఆగక్కర్లేదు. నువ్వే చెప్పు. నువ్వు చెబితేనే వాళ్లు నమ్ముతారు, నేను చెబితే ఎవరూ అంత గట్టిగా వినరు" అంది. నవ్వింది. నవ్వేక మొహం అటు తిప్పుకుంది.

ఫోన్ పట్టుకున్నాను. ఎవరి నంబరూ నొక్కలేకపోయేను. చాలా ఆనందంగా ఉంది, అది నాకు తెలుసు. ఒంట్లోకి ఇంకా రాలేదు. వచ్చేలోపు మర్చిపోకుండా రాసి పెట్టుకుంటున్నాను, చెప్పాల్సినవాళ్లందరినీ.

దానమ్మక్క, మామిడికుదురు. ముందు ఈవిడకే. నెలన్నర నుంచీ రోజూ ఫోన్ చేసి, ఏమీ అడక్కుండా, ఏం కూర వండేరని మాత్రమే అడిగింది.

అక్క పెద్దకొడుకు, యానాం. అక్క చెప్పేస్తాది, అయినా నేను చెప్పాలి.

సుందరి పిన్ని, ఆలమూరు. ఈవిడకి జూలైలోనే చేరిపోయిందని చెప్పేసేను. ఇప్పుడేమని చెప్పాలో సుందరిని అడగాలి.

పెదనాన్న మనవడు, కాకినాడ. ఫ్లెక్సీ విప్పేవా లేదా అని అడిగినవాడు. చెప్పాలి.

ఏసురత్నం, రాజోలు. వీడికి చెప్పనని సుందరి ఒట్టేసుకుంది. వాళ్ల తమ్ముడే అయినా. నేనే చెబుతాను. రాకపోకలు తక్కువ కాబట్టి ఫోన్లో.

మా చిన్న మేనత్త, మురమళ్ల. చెవుడు. వెళ్లి అరిచి చెప్పాలి.

తోడల్లుడు, అమలాపురం. ఆయన పోయేరు కదా, పిల్లలకి చెప్పాలి.

అచ్చాయమ్మ వదినగారు, కొత్తపేట అవతల లంక. ఫోన్ చేస్తే మూర్తిగారు ఎత్తుతారేమో, పక్కకి పెట్టేస్తారేమో. ఇది మనిషి వెళ్లి చెప్పాల్సిన కబురు. సోమవారం మొదటి పడవకి వెళ్తానన్నాను. క్రిస్టీనా కూడా వస్తానంది.